మొదటి పేజీలో సవరణ

"నా కొట్టు మూసేస్తున్నానని మీకెవరు చెప్పారండీ?"

కువబర గారు నడుముకి కట్టుకున్న గుడ్డ కూడా విప్పకుండా పత్రికాఫీసుకి వచ్చేశారు. చేతులకింకా పిండి ఉంది. మా రేవు పట్నంలో చేపల మార్కెట్టు వెనక ఉదోన్ నూడుల్స్ కొట్టు ఆయనది. ఊరి దినపత్రిక సంపాదకుడు నాగతోమొ గారు లేచి నిలబడి వంగి నమస్కారం పెట్టారు. ఎందుకు పెట్టాలో ఆయనకింకా తెలియదు.

"రాత్రి మీ ఫోన్ పత్రికలో వేశారట. పొద్దున్నే పిండిమిల్లు వాళ్లు ఫోన్ చేసి నాకు సానుభూతి చెప్పారు. మా బావమరిది పూలగుత్తి పంపాడు. బతికున్నవాడికి తద్దినం పెట్టడమంటే ఇదే."

విలేకరి చిహరు కంప్యూటర్ తెర ఇటు తిప్పింది. వార్త ఆమె రాసిందే. తెర మీద కువబర గారి కొట్టు తలుపు, దాని మీద చేత్తో రాసి అంటించిన కాగితం.

"మీరు రాసిందేగా సార్. 'ఇన్నేళ్లుగా తమరు చూపిన ఆదరణకు శిరసు వంచి నమస్కరిస్తున్నాం. మా అసమర్థత వల్ల తమకు కలుగుతున్న కష్టానికి ఏ ముఖం పెట్టుకుని క్షమాపణ అడగాలో తెలియడం లేదు.' ఇది చదివి ఏమనుకోవాలి?"

"పన్ను పీకించుకున్నానమ్మా. రెండ్రోజులు కొట్టు తీయలేదు. ఆ మాత్రం క్షమాపణ అడగక్కర్లేదా?"

అక్కర్లేదని ఎవరూ అనలేదు. ఆ ఆఫీసులో పన్ను ఎవరు పీకించుకున్నా అలాగే రాసి ఉండేవారు.

"కింద 'గురువారం నుంచి యథాప్రకారం' అని కూడా రాశాను. అదేదీ?"

ఫొటోలో ఆ మాట ఉండాల్సిన చోట ఎవరిదో సైకిలు బుట్ట అడ్డం వచ్చింది.

"నువ్వొచ్చి చూడలేదామ్మా?" అన్నారు కువబర గారు.

"పాఠకులొకరు ఫొటో పంపారండీ." చిహరు గొంతు తగ్గింది. "మేయరు గారి బడ్జెట్ వేస్తే మేయరు గారొక్కరే చూస్తారు. కొట్టు మూసేస్తున్నారంటే ఊరంతా చూస్తుంది. ఆలస్యమైతే వేరేవాళ్లు పెట్టేస్తారని..."

ఆమె చెప్పింది అబద్ధం కాదు. ఒకప్పుడు మా ఊరి కొట్ల ప్రకటనలతో బతికిన పత్రిక, ఇప్పుడు ఆ కొట్లు మూతపడే వార్తలతో బతుకుతోంది.

కువబర గారు కుర్చీలో కూలబడ్డారు. "మధ్యాహ్నం ఆరు గిన్నెలు అమ్ముడైతే ఆ రోజు పండగ మాకు. మూసేశానని ఆ ఆరుగురూ రావడం మానేస్తే నిజంగానే మూసేయాలి. మా ఆవిడకీ నాకూ ఇంకో పని రాదు."

"ఒక్క నిమిషం సార్, ఇప్పుడే తీసేస్తాను." చిహరు వేలు మీట మీదకు వెళ్లింది.

"అక్కడ తీసేస్తే ఎవరికి తెలుస్తుంది? ఫోన్లో రాసింది నీళ్ల మీద రాత. నాకు పేపర్లో కావాలి. అచ్చులో. మొదటి పేజీలో, పెద్ద అక్షరాలతో, ఊరంతా చూసేలా సవరణ వేయండి."

నాగతోమొ గారి కళ్లు చెమర్చాయి. పోయిన నెలలోనే యాజమాన్యం పేపర్లో నాలుగు పేజీలు కోసేసింది. అచ్చు కావాలని అడిగిన మనిషిని ఆయన చూసి చాలా కాలమైంది. స్వయంగా లేచి టీ పోసి, రెండు చేతులతో అందించారు.

"చిహరూ, విన్నావా? పేపరంటే అదీ. రేపు మొదటి పేజీలో వేస్తున్నాం. ఇక్కడిది కూడా తీసెయ్."

అప్పుడే కువబర గారి జేబులో మడత ఫోను మోగింది. ఆయనకు కాస్త చెవుడు కాబట్టి భార్య సుమియె గారి గొంతు ఆఫీసంతా వినబడింది.

"ఏవండీ, ఎక్కడున్నారు? కొట్టు ముందు జనం. వరస చేపల మార్కెట్టు దాటిపోయింది. పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చారు. ఒకావిడ ఏడుస్తోంది."

"ఎందుకు?"

"చిన్నప్పుడు వాళ్ల నాన్నతో వచ్చి తిన్నదట. ఇన్నాళ్లూ రానందుకు క్షమించమంటోంది."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? కూర్చోమన్నాను. రెండో గిన్నె కూడా అడిగింది. మనం మూసేయడం లేదని వీళ్లకి చెప్పెయ్యనా?"

కువబర గారు టీ కప్పు కింద పెట్టారు.

"ఏం చెప్పకు. నీళ్లు మరగపెట్టు, వస్తున్నా." ఫోను మడిచి చిహరు వైపు తిరిగారు. "అమ్మాయ్, ఆ మీట మీద నుంచి వేలు తియ్యమ్మా."

"అదెలా కుదురుతుందండీ?" నాగతోమొ గారు కాస్త గట్టిగానే అన్నారు. "తప్పని తెలిశాక సవరణ వేసి తీరాలి. పత్రికన్నాక మాటకి విలువుండాలి. ముప్పై ఏళ్లుగా అలాగే నడిపాను, ఈ రోజు తప్పలేను."

ఆ మాటలో నిజం ఉంది. కువబర గారు మర్యాద తెలిసిన మనిషి. లేచి, నడుము పూర్తిగా వంచి నమస్కరించి, కాసేపు అలాగే ఉండిపోయారు. మళ్లీ నిటారుగా లేచేసరికి ఆయన మొహం తేటపడింది.

"మీరన్నది న్యాయం. మీ మాటా పోకూడదు, నా కొట్టూ పోకూడదు."

"మరెలా?"

"నేను ముందు అడిగినట్టే కానివ్వండి. మొదటి పేజీలో, పెద్ద అక్షరాలతో, అచ్చు పేపర్లోనే వేయండి. అక్కడైతే ఎవరూ చూడరు."