జూన్ పదిహేను దాకా

ఫోను మోగేసరికి దియొలింద రొట్టెల పిండి కలుపుతోంది. చేతులు కడుక్కోకుండానే ఎత్తింది.

"దొరికిందా?" అన్నాడు జెర్మానో. పలకరింపు లేదు, ఏమీ లేదు.

"ఏది?"

"ఏదేమిటి! నీ మిల్లు పెన్షను కాగితం. మొన్నంతా దాని గురించేగా మాట్లాడాం."

"వెతుకుతున్నా. నువ్వలా గొంతు మీద కూర్చుంటే ఏదీ దొరకదు."

సొరుగు లాగి, కాగితాలు అటూ ఇటూ తిరగేసింది. ఆ చప్పుడు సముద్రం అవతల అతనికి బాగానే వినిపించి ఉంటుంది.

అతనుండేది సావ్ జార్జ్ దీవిలో, పుట్టిన ఇంట్లో. ఆమె ఉండేది అమెరికాలో ఫాల్ రివర్ అనే ఊళ్లో, ఇద్దరూ నలభై ఏళ్లు కాపురం చేసిన మూడో అంతస్తులో. దీవిలో ఉన్న అన్న పోయాక ఆవుల్ని చూసే దిక్కు లేదని జెర్మానో రెండు టిక్కెట్లు కొన్నాడు. దియొలింద విమానాశ్రయం అద్దాల తలుపు దాకా వెళ్లింది. అక్కడ ఆమె కాళ్లు ఆగిపోయాయి. ఒక్క క్షణం వెనక్కి చూసి, అతనొక్కడే లోపలికి నడిచాడు.

నువ్వు రాలేదని అతనికి కోపం. నువ్వు వెళ్లిపోయావని ఆమెకు. మూడేళ్లుగా పుట్టినరోజులకు కూడా ఇద్దరిలో ఎవరూ ఫోను చెయ్యరు. ముందు చేసినవాళ్లు దిగివచ్చినట్టవుతుంది.

అమెరికా ప్రభుత్వం లెక్కలో మాత్రం వాళ్లింకా మొగుడూ పెళ్లాలే. పన్ను ఇద్దరికీ కలిపి ఉమ్మడిగా చూపిస్తారు. అందరికీ ఏప్రిల్ మధ్యలోనే గడువు ముగుస్తుంది. ఇద్దరిలో ఒకరు పరాయి దేశంలో ఉంటే మాత్రం జూన్ పదిహేను దాకా ఆగుతారు. ఆ రెండు నెలలూ దియొలింద ఇంట్లో ఫోను మోగుతుంది. జూన్ పదహారు నుంచి మోగదు.

ఈ ఏడాది రోజులు మరీ పరిగెత్తుతున్నాయని ఆమెకు దడగా ఉంది. వచ్చే ఏడు నుంచి ఎవరి లెక్క వాళ్లం చూపించుకుందాం అంటాడేమో. ఆ మాట విన్నాక ఇంకేం మిగులుతుంది?

కింది వాటాలో ఉండే లూర్దెస్ ఓ గిన్నెలో ఆకుకూర సూపు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. బల్ల మీద పరిచిన కాగితాలు చూసి మూతి తిప్పింది.

"ఇంకా తెమల్లేదా మీ పన్నుల గోల? వీధి చివర ఒడీలియా దుకాణంలో పడేస్తే కాఫీ చల్లారేలోపు చేసిపెడుతుంది. మనవాళ్లందరి లెక్కలూ ఆమేగా చూసేది!"

"మొగుడూ పెళ్లాల లెక్కలు. బయటివాళ్లకెందుకులే."

"మొగుడంట మొగుడు! ఆవులతో కాపురం పెట్టినవాడు మొగుడేంటే?"

దియొలింద నవ్వలేదు. గిన్నె అందుకుని పొయ్యి మీద పెట్టింది. ఒక్క మనిషికి ఆ సూపు రెండు రోజులు వస్తుంది.

జూన్ పదిహేను వచ్చేసింది. ఆ రోజు ఫోను రోజూకంటే ముందే మోగింది.

"ఇవాళే ఆఖరు," అన్నాడు జెర్మానో.

"తెలుసు."

అతని వెనకాల ఎక్కడో ఆవు మెడలో గంట కదిలింది.

"పాలు పితకడం అయిందా?" అంది.

"అయింది. నల్లదాని కాలు వాచింది."

"వెనిగర్లో గుడ్డ తడిపి కట్టు."

"నువ్వెప్పుడయ్యావు పశువుల డాక్టరువి?"

"నీ మోకాలికి కట్టింది నేనేగా? సముద్రం దాటి పోయేంత బాగా నడిచావు!"

అన్నాక నాలుక కరుచుకుంది. పెట్టేశాడేమోనని ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. ఊపిరి వినిపించింది. ఉన్నాడు.

"సరే, అంకెలు చదువు," అన్నాడు చివరికి.

కళ్లజోడు తుడుచుకుని చదివింది. అతను తిరిగి చదివాడు, తప్పుగా.

"అది కాదయ్యా. అక్కడున్నది మూడు, ఎనిమిది కాదు."

"గట్టిగా చెబితే కదా వినపడేది! మళ్లీ మొదట్నుంచి రా."

మళ్లీ మొదట్నుంచి వచ్చింది. ఈసారి ఆమే ఒక వరుస వదిలేసింది. అతను విసుక్కున్నాడు. ఆమె ఎదురు విసుక్కుంది. కిటికీలో ఎండ బల్ల మీంచి నేల మీదికి దిగింది.

"ఇవాళ్టికి అయ్యేలా లేదు," అంది దియొలింద.

జెర్మానో దగ్గాడు. చాలాసేపు దగ్గాడు.

"అక్టోబరు దాకా గడువు అడగొచ్చట. ఇక్కడెవరో అంటుంటే విన్నాను."

ఆమె కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"అడిగితే ఇస్తారా?"

"ఇస్తారట. ఎందుకని కూడా అడగరట."

"ఎందుకని అడగరా?"

"అడగరట."

"అయితే అడుగుదాం."

"రేపు ఇదే వేళకి చేస్తాను. పెన్షను దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెడదాం. ఈసారి కాస్త శ్రద్ధగా చదువు."

"నువ్వు కాస్త శ్రద్ధగా విను. ఆ కాలికి కట్టు కట్టి, ఎలా ఉందో కూడా చెప్పు."

"సరే సరే," అంటూ పెట్టేశాడు.

ఆ ఏటి పన్ను కాగితాలు ఇద్దరి సంతకాలతోనూ ఒడీలియా దుకాణం నుంచి ఫిబ్రవరిలోనే వెళ్లిపోయాయి. తిరిగొచ్చిన డబ్బులో తన సగంతో జెర్మానో అక్కడ పశువుల పాకకు కొత్త రేకులు వేయించి కూడా రెండు నెలలైంది.