కోర్బో వీధి, పదిహేడో నంబరు

"వదలండి మొస్యే! ముందు చెయ్యి వేసింది నేను."

"క్షమించాలి మదాం, ముందు చూసింది నేను."

పారిస్‌లో సెన్ నది గట్టు మీద, పాత పుస్తకాల పెట్టె ముందు, ఇద్దరు పెద్దవాళ్ళు ఒకే నవలని చెరోవైపూ పట్టుకుని లాగుతున్నారు. నవల పేరు ‘బుఖారెస్ట్ పచ్చలహారం’. అట్ట మీద ఒక రైలింజను, ఒక పిస్తోలు, నల్ల వల ముసుగు వేసుకున్న అందగత్తె. కింద రచయిత పేరు, లూసియన్ వోబ్రాక్. ఎడమవైపు పట్టుకున్న పెద్దమనిషి ఆయనే. ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు.

"చిరిగిపోతుంది, కాస్త చూసుకోండి," అన్నాడు పుస్తకాలమ్మే బార్నబే, నోట్లోంచి పైపు తియ్యకుండానే. "ఇదేం విడ్డూరమండీ! ముప్ఫై ఏళ్ళ కిందటి చెత్త కోసం కొట్లాటా? రాసినాయనే ఎప్పుడో పోయాడు."

"పోలేదు!" అన్నాడు వోబ్రాక్.

"మీకెలా తెలుసు? చుట్టమా?"

వోబ్రాక్ పుస్తకాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. ఒకప్పుడు ఈ నవల కనబడని రైలుపెట్టె ఫ్రాన్సులో లేదు. ఇవాళ ఆయన దగ్గరే ఒక్క ప్రతి లేదు. యుద్ధంలో ఇంటితోపాటు అన్నీ కాలిపోయాయి. పోయిన వారం ఒక ప్రచురణకర్త కబురుపెట్టాడు: "మళ్ళీ వేస్తాం. శనివారంలోగా ఒక ప్రతి తెచ్చివ్వండి." ఇవాళ శుక్రవారం. మూడు రోజులుగా గట్టు పొడుగునా తిరుగుతుంటే ప్రతి పెట్టె దగ్గరా ఒకటే మాట. ఉండేదండీ, ఎవరో ఆవిడ పట్టుకుపోయింది.

"మదాం, ఊళ్ళో ఉన్నవన్నీ కొనేస్తున్నది మీరేనా?"

"ఆవిడే," అన్నాడు బార్నబే. "మదాం ప్రువో. నా ఒక్కడి దగ్గరే తొమ్మిది."

"మొత్తం ఇరవైమూడు," అంది మదాం ప్రువో, గడ్డం పైకెత్తి. "దీంతో ఇరవైనాలుగు."

వోబ్రాక్ పట్టు దానంతటదే సడలింది. ఒకే నవల, ఇరవైమూడు ప్రతులు! ఎన్నో ఏళ్ళ తర్వాత ఆయన గుండె పొంగింది.

"అంత నచ్చిందా మీకు?"

"నచ్చడమా! సగం కూడా చదవలేకపోయాను. అన్నీ అబద్ధాలు."

బార్నబే పకపకా నవ్వాడు. వోబ్రాక్ చెవులు ఎర్రబడ్డాయి. కానీ పుస్తకం కన్నా, ఆవిడ ఎందుకు కొంటోందో ఆ కారణమే ఇప్పుడు ఆయనకి ఎక్కువ కావలసివచ్చింది.

"మరి ఎందుకు కొంటున్నారు?"

ఆవిడ గట్టు గోడ మీద సంచి పెట్టి, నలభై ఒకటో పేజీ తీసి, వేలు పెట్టి చదివింది. "కౌంటెస్ ఇలియానా పారిస్‌కి వస్తే ఉండేది కోర్బో వీధి, పదిహేడో నంబరు ఇంట్లో. సాహసవంతుడికి ఆ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది." పుస్తకం టప్పున మూసింది. "ఆ ఇంట్లో ఉండేది కౌంటెస్ కాదు మొస్యే, నేను. చేతి తొడుగులు కుట్టుకు బతుకుతాను."

ఆ చిరునామా ఎలా పుట్టిందో వోబ్రాక్‌కి గుర్తుంది. టాక్సీ కిటికీలోంచి కనబడిన వీధి పేరు, అప్పటికప్పుడు తోచిన అంకె. రాయడానికి అర నిమిషం పట్టలేదు.

"అయితే... ఎవరైనా వచ్చారా?"

"ఎవరైనానా? పుస్తకం వచ్చిన మర్నాటి నుంచీ! ఒక పోర్చుగీసాయన వయొలెట్ పూలగుత్తితో వచ్చాడు. తూలోన్ నుంచి ఒక నౌకాదళం ఆయన సెలవు పెట్టుకుని మరీ వచ్చాడు. లియోన్ కుర్రాడొకడు మెట్ల మీద మోకాళ్ళూని, ఈ రాత్రే ట్రియెస్ట్ వెళ్ళిపోదాం పదండి అన్నాడు. చేతిలో సూది, నోట్లో దారం, నేనేం చెప్పను? కింద గుమ్మం దగ్గర కాపలా ఉండే ఆవిడ ఏమనుకుందో దేవుడికెరుక! ప్రచురణకర్తకి ఆరు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు."

బార్నబే నవ్వడం మానేశాడు. వోబ్రాక్ టోపీ తీశాడు.

"మదాం, ఆ ఉత్తరాలు నాదాకా రాలేదు. వోబ్రాక్ అంటే నేనే."

ఆవిడ ఆయన్ని బట్టతల నుంచి అరిగిన బూట్ల దాకా చూసింది.

"మీరా!"

"నేనే. ముప్ఫై ఏళ్ళు మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను. క్షమించమని అడిగే మొహం కూడా లేదు. కానీ ఈ నవల మళ్ళీ అచ్చవుతోంది. ఈ ప్రతి నాకివ్వండి. ఆ చిరునామా మీ కళ్ళముందే కొట్టేస్తాను. ఇక మీ తలుపు ఎవరూ తట్టరు. మాటిస్తున్నాను."

పుస్తకం ఆయన చేతికి సులువుగానే వచ్చేసింది. నలభై ఒకటో పేజీ తెరిచి, జేబులోంచి కలం తీశాడు. మదాం ప్రువో ఆ కలాన్నే చూస్తోంది.

"ఎన్ని వేస్తారు?" అని అడిగింది మెల్లిగా.

"ముప్ఫై వేలంటున్నారు."

కలం కాగితానికి ఆనబోయేలోగా ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుంది.

"కొట్టెయ్యకండి మొస్యే. చివరి ఆయన వచ్చి నాలుగేళ్ళయింది. కొన్నవన్నీ తీసుకెళ్ళి రైల్వే స్టేషన్లలో బెంచీల మీద వదిలి వస్తున్నాను, అయినా ఎవ్వరూ రావడం లేదు. కింద వెతుక్కుని వెళ్ళిపోతున్నారేమో, ‘నాలుగో అంతస్తు, ఎడమవైపు తలుపు’ అని కూడా రాయండి."