గుమ్మంలో చేప

కుళాయి మీది చిన్న తెర పొద్దున్నే వెలిగింది. "నీటి పరీక్ష ఫలితం: ప్రభుత్వ రహస్యం." పదేళ్లుగా ఊళ్లో ప్రతి కుళాయి మీదా అదే మాట. నూకరత్నం దాన్ని చూడనైనా చూడకుండా గాజుసీసాలో నీళ్లు పట్టి, ఒక చిన్న పరిగె చేపను అందులో వదిలి, గుమ్మానికి వేలాడదీసింది. గంట తర్వాత కూడా చేప ఈదుతుంటేనే ఆ వీధిలో బియ్యం కడుగుతారు.

తొమ్మిదింటికి నీటిశాఖ అధికారి వచ్చాడు.

"ఫలితాలు బయటపెట్టడం నేరమమ్మా. ఆ సీసా తీసెయ్."

"నేనేం బయటపెట్టానండీ? నీళ్లు మీవి, చేప మాది."

"నీళ్లు బాగున్నాయని నేను చెబుతున్నాగా!"

"అయితే ఆ కాయితం చూపించండి."

"అది చూపించకూడదు."

కుళాయి దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లు ఒక్కరూ కదల్లేదు. నూకరత్నం అదే కుళాయి కింద గ్లాసు నింపి ఆయన చేతికిచ్చింది.

"ఎండన పడి వచ్చారు. తాగండి మరి."

అధికారి గ్లాసును పెదవుల దాకా తెచ్చి ఆగాడు. ఆయన కళ్లు సీసా వైపు తిరిగాయి. చేప ఈదుతూనే ఉంది. అప్పుడు తాగాడు.

ఖాళీ గ్లాసు అందుకుంటూ నూకరత్నం అంది: "సీసా ఇక్కడే ఉంటుందండీ."