దారం గుర్తు

"ఎర్రబడితే మిల్లు బంద్ పెడ్తవా లేదా మహిపాలూ? గా ముచ్చట ముందుగాల చెప్పు."

జగిత్యాల కాలేజీ ల్యాబు గుమ్మంలోనే మల్లవ్వ అతన్ని నిలేసింది. మహిపాల్‌ది సిరిసిల్లలో పాలిస్టర్ బట్ట మిల్లు. దాని బాయిలర్ పొగ వల్లే తన మనుమరాలు మనీషా ఎనిమిదేళ్లకే పెద్దమనిషైందని మల్లవ్వ వాడకట్టంతా చాటింది.

"పెడ్త. ఎర్రబడకుంటే నా గేటు ముందర నీ లొల్లి బంద్ గావాలె. నా మిల్లు పీలికలతోటే నీ పొయ్యి మండుతది, మళ్ల నన్నే తిడ్తవ్."

"పీలికలు ఉత్తగ ఇస్తున్నవని పొగ గూడ పీల్చాల్నా?"

లోపల సైన్సు మేడం నవనీత నవ్వు ఆపుకుంది. పరీక్ష సంగతి ఆమె ముందే చెప్పింది. మసిని కరిగించి ఈస్టు కలిపిన పసుపు నీళ్లలో పోస్తారు. ఆడవాళ్ల ఒంట్లో ఊరే హార్మోనులా పనిచేసే విషం ఆ మసిలో ఉంటే నీళ్లు ఎర్రబడతాయి. ఏ మసి ఎక్కడిదో మాత్రం తనకు చెప్పవద్దంది, తెలిస్తే కన్ను అటే మొగ్గుతుందట. అందుకని మల్లవ్వ మగ్గాల షెడ్డులో నూలు కండెలకు కట్టినట్టే, మసి సీసాలకు రంగు దారాలు కట్టి మూడు రోజుల కిందటే ఇచ్చింది. ఒకదాంట్లో మిల్లు పొగగొట్టం మసి. పోల్చి చూడటానికి హాని లేని పొగ మసి కూడా కావాలని మేడం అడిగితే, రెండోదాంట్లో తన నీళ్ల పొయ్యిదే గీకి తెచ్చింది. ఏ దారం దేనిదో ఆమె ఒక్కతెకే తెలుసు.

ఆ మసి కలిపిన గొట్టాలను ఉంచిన వెచ్చటి పెట్టె తలుపు మీద నవనీత చెయ్యి వేసింది. మల్లవ్వ కిటికీ వైపు చూసింది. బయట పొద్దు వాలుతోంది. ఇంటి దగ్గర మనీషా నీళ్ల పొయ్యి ముందు కూర్చుని పీలికలు ఎగదోస్తూ ఉంటుంది. గెలిచిన ముచ్చట మొదట దానికే చెప్పాలి.

రెండు గాజు గొట్టాలు బయటికి వచ్చాయి. వాటికీ అవే దారాలు. ఒకటి పసుపుగానే ఉంది. రెండోది దానిమ్మ గింజలా ఎర్రబడింది.

"దొరికింది!" మల్లవ్వ చప్పట్లు కొట్టింది.

మహిపాల్ ముఖం వాడిపోయింది. కుర్చీలో కూలబడ్డాడు.

"నీ నోట అబద్ధం రాదని ఎరుకే అవ్వా. నా మిల్లుదే గదా? రేపే బంద్ పెడ్త."

మల్లవ్వ నవ్వుతూనే వంగి, ఎర్ర గొట్టానికి ఉన్న దారం చూసింది. పసుపు గొట్టం దారమూ చూసింది. మళ్లీ ఎర్రదాన్ని చూసింది. సంచిలోంచి ఫోను తీసి ఇంటికి కలిపింది. అవతల కోడలు ఎత్తింది.

"రాణీ, పోరి నీళ్ల పొయ్యి కాడనే ఉన్నదా? లేపు. ఆ పొగ కాడికెల్లి జల్ది లేపు."