ఉతారు మీద విడిది

ఆ పాత మెటడోర్ వ్యాను ఇంకా గేటు ముందే ఉంది.

వీరరాఘవరావు కంచన్‌బాగ్ ఆఫీసు నుంచి వచ్చి స్కూటరు ఆపాడు. లాల్‌దర్వాజాలోని ఆ గల్లీలో అద్దెకు దిగి చాలా ఏళ్లయింది. ఎవరితోనూ మాటల్లేవు. మొదలైతే ఆగవని అతని భయం.

వ్యానులో ఒక మనిషి చీకట్లో కూర్చున్నాడు. దీపం లేదు, పాట లేదు.

"ఎవరయ్యా నువ్వు?"

"దుర్గయ్య, సార్."

"ఇదేమన్నా క్యాంపు గ్రౌండా? కిరాయిలకు పోకుండా ఇక్కడే పడున్నావు."

"ఈడ ఉతారుంది సార్. బ్యాటరీ ముసల్దయింది. లైటేస్తే సుత దాని పానం పోతది. ఉతారు మీదుంటే దొర్లిస్తే చాలు."

"వాలు మా గేటు ముందే దొరికిందా?"

దుర్గయ్య నవ్వాడు.

ఇంట్లోకి రాగానే భార్య కమలకుమారి అందుకుంది. "పొద్దున ఆ వ్యానువాడు మంచినీళ్లడిగి, అమ్మాయికి ఎన్నో నెలమ్మా అన్నాడండీ. దిష్టి కళ్లు!"

కూతురు ఉదయశ్రీ తొలి కాన్పుకు వచ్చింది. వీరరాఘవరావు మళ్లీ బయటికి నడిచాడు.

"బండి తీస్తావా, పోలీసులను పిలవనా?"

దుర్గయ్య ఒకసారి ఇంటివైపు చూసి హ్యాండ్‌బ్రేకు వదిలాడు. వ్యాను చప్పుడు లేకుండా జారి, కింద మలుపులో దగ్గి, ఇంజను అందుకుంది.

వీరరాఘవరావుకు గుమ్మం కడిగినట్టనిపించింది.

మర్నాడు చార్మినార్ దగ్గర గొడవ. సాయంత్రానికి కర్ఫ్యూ. ఉదయశ్రీకి అప్పుడే నొప్పులు మొదలయ్యాయి. ఆటోలు లేవు. ఫోను పనిచేయలేదు.

అతను గల్లీలోకి పరిగెత్తాడు. ఎవరిని పిలవాలి? ఆ గల్లీ మొత్తంలో అతనికి తెలిసిన పేరు ఒక్కటే.

"దుర్గయ్యా!"

మలుపు అవతల, చదునులో, సెల్ఫ్ కొడుతున్న చప్పుడు. కిర్... కిర్... ఆగిపోయింది.

"అమ్మాయి కేక నాగ్గూడ ఇనబడ్డది సార్. బండే లేస్తలేదు. జర నూకుండ్రి."

వీరరాఘవరావు తోశాడు. పాలమ్మే ఎల్లమ్మ తలుపు తెరుచుకొని వచ్చి భుజం ఆనించింది. చాలాసేపటికిగాని ఇంజను అందుకోలేదు.

పాప ఆస్పత్రి దాకా ఆగలేదు. బండిలోనే పుట్టింది. తల్లికి గండం గడిచేసరికి రెండు రోజులు పట్టింది. ఇంకాస్త ముందు తేవలసింది, అన్నాడు డాక్టరు.

కర్ఫ్యూ ఎత్తేశాక వీరరాఘవరావు గేటు ముందు స్కూటరు తీసి లోపల పెట్టాడు. వాలు మీద రాళ్లు ఏరాడు. నిలబడ్డాడు.

వ్యాను రాలేదు.

"దుర్గయ్యన్న కోసమా సార్?" ఎల్లమ్మ పాలక్యాను దించింది. "ఇప్పట్ల రాడు."

"నా మీద కోపమా?"

"కోపమేంది సార్! పట్నంల గడబిడ అయ్యేటట్టుంటే నెలలు నిండినామె ఇల్లు చూసుకొని, ఆ ముంగటనే బండి పెడతడు. మా పింటూగాడు గూడ దాంట్లనే పుట్టిండు. ఇగ మన గల్లీల నిండు మనిషి ఎవరున్నరు, చెప్పుండ్రి?"