అద్దె వాయిద్యం

"నేనడిగింది ఇది కాదమ్మా!" చానెలాయన చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు పీకేశాడు. "పాట బాగుంది. నీ గొంతూ బాగానే ఉంది. దరువేదీ?"

తన ఇంట్లోనే అయినా, అమ్మాయి కుర్చీ అంచున కూర్చుని ఉంది. "వేశాను కదా సార్."

"ఏంటది, సైకిలు పంపు కొట్టినట్టు?"

సైకిలు పంపే. చెక్కపెట్టె మీద పిడికిలితో ఓ దెబ్బ, వెంటనే పంపుతో కాస్త గాలి. ఎన్నిసార్లు కొట్టిందో, పిడికిలి కమిలిపోయింది. అయినా ఆ దరువు రాలేదు. రాదని ఆమెకు తెలుసు.

ఇంటర్నెట్లో ఎవరూ వినని పాటల్ని, ఎవరూ చూడని చిన్న సినిమాల్ని వెతికి పట్టుకుని జనానికి చూపించడం చానెలాయన పని. ఆయన 'ఆహా' అంటే ఊరంతా 'ఆహా' అంటుంది. ఆ సంగతి ఆయనకి అందరికంటే బాగా తెలుసు. ఆమె ఇంట్లో ఫోనులో రికార్డు చేసి పెట్టిన మొదటి పాట దిక్కూ మొక్కూ లేకుండా పడి ఉంటే, ఆయనే పైకి తీశాడు. ఆ తర్వాత కామెంట్లే కామెంట్లు. అన్నీ దరువు మీదే. 'ఆ ఠక్... హుస్స్... వింటుంటే ఊపిరి బిగబట్టేశాను' అని ఒకరు. 'ఈమధ్య కాలంలో ఇలాంటి ప్రయోగం లేదు' అని ఇంకొకరు. పాడినదాని ఊసెత్తిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. పాట కింద ఆమె రాసుకున్నది ఇంతే: గానం నేను, వాయిద్యం నాన్న.

"చూడమ్మా, సాయంత్రం కొత్తవాళ్ళ కార్యక్రమం. నీ ఈ కొత్త పాటే మొదట పెడదామనుకున్నాను. ఆ దరువు లేకపోతే పెట్టను. నీ వెనక ఎంతమంది కాచుకుని ఉన్నారో తెలుసా?"

ఇన్నేళ్ళూ ఆమె ఎవరెవరి పాటల్లోనో వెనక వరసలో నిలబడి గొంతు కలిపింది. ఈ ఒక్క పాటా జనంలోకి వెళితే, తన గొంతు బాగుందో బాగోలేదో ఒక్కరైనా చెబుతారు. అంతకుమించి ఆమె ఏమీ ఆశపడలేదు.

"నాన్న పోయారు సార్," అంది.

"అయ్యో!" చానెలాయన నిజంగానే నొచ్చుకున్నాడు. తర్వాత మెల్లిగా అడిగాడు. "మరి... ఆ వాయిద్యం ఉందిగా?"

"లేదు. అద్దెకి తెచ్చింది. తిరిగి ఇచ్చేశాం."

"హమ్మయ్య! ఆ మాట ముందే చెప్పొద్దూ. మళ్ళీ తెప్పిద్దాం. అద్దె నేనిస్తాను. వాయించడానికి మనవాళ్ళున్నారు."

"అది ఎవరో వాయించేది కాదు సార్."

"పెద్ద విద్వాంసులకి కూడా రానిదా? ఆ మొదటి పాట మూడో చరణంలో మీ నాన్నగారు ఒక దెబ్బ వదిలేసి మళ్ళీ అందుకున్నారు చూడు, నాకు ఒళ్ళు జలదరించింది. ఎంత ధైర్యం ఉండాలి!"

ఆమె పెదవి కొరుక్కుంది. ఆ చరణం దగ్గర కరెంటు పోయి వచ్చింది. పాట ఆపి లేవబోతే, నాన్నే మంచం మీంచి చెయ్యి ఊపి, కానివ్వమన్నాడు. ఆ మాట చెబితే చానెలాయన రేపు అందరికీ చెబుతాడు. అందరూ జాలిపడి వింటారు. జాలిపడి వినే పాట ఆమెకి అక్కర్లేదు.

"ఈ పాట ఇలాగే పెట్టండి సార్. మీ కాళ్ళు పట్టుకుంటాను. దరువు లేకుండా, ఉత్త గొంతు పెట్టినా సరే."

"ఉత్త గొంతులు నా దగ్గరికి బోలెడు వస్తాయమ్మా." ఆయన ఆ మాట కోపంగా అనలేదు. అందుకే ఆమెకి ఇంకా లోతుగా దిగింది. "ఆ అద్దె కొట్టు నంబరివ్వు. ఇస్తావా, నన్ను లేవమంటావా?"

ఆమె లోపలి గది వైపు చూసింది. గుమ్మం పక్కన వాళ్ళమ్మ గోడకి జారబడి కూర్చుని ఉంది. ఆవిడ వెనక చుట్టిపెట్టిన పరుపుతో ఓ మంచం, మంచం పక్కనే గోడకి ప్లగ్గు. ఆ ఇంట్లో తలుపు వేసుకోవడానికి ఉన్నది ఆ ఒక్క గదే. మొదటి పాట అక్కడే పాడింది.

నంబరు చూడకుండానే చెప్పేసింది. చానెలాయన స్పీకర్ పెట్టి, దర్జాగా కాలు మీద కాలేసుకున్నాడు.

"హలో! మీ వీధి చివర మేడ వెనకింటికి మీరో వస్తువు అద్దెకిచ్చారట. ఈమధ్యే తిరిగి తీసుకెళ్ళారు. సరిగ్గా అదే కావాలి. సాయంత్రంలోపు."

"ఆ ఇల్లా సార్? తెలుసు. అదే పంపిస్తాం. శుభ్రం చేసి పెట్టాం," అంది అవతలి గొంతు. "ఆక్సిజన్ ఎంతలో పెట్టమన్నారు సార్ డాక్టరుగారు?"

చానెలాయన కాలు కిందికి దిగింది. మంచం వంక చూశాడు, ప్లగ్గు వంక చూశాడు. అమ్మాయి వంక మాత్రం చూడలేకపోయాడు.

"ఆ మిషను ఆపితే ఆయనకి ఊపిరాడదు సార్," అందామె. "తలుపేసుకుని పాడుకోవడానికి ఉన్నది ఆ ఒక్క గదే. అందుకే దాని చప్పుడుకే పాట కట్టుకున్నాను."

ఫోనులో గొంతు తొందరపెడుతోంది. "సార్, లైన్లో ఉన్నారా? పేషెంటు ఎవరు సార్? పేరు చెప్పండి, రాసుకుంటాను."

గుమ్మం పక్కనుంచి తల్లి మెల్లిగా లేచి ఫోను దగ్గరికి వచ్చింది.

"నా పేరు రాసుకోమనండి బాబూ. ఆ చప్పుడు ఆగిన దగ్గర్నుంచి నాకు కన్ను మూతపడట్లేదు."