బండ మీద మైకు

"మైకు తాడుకు ఏలాడదీస్తే నీ గజ్జెల సప్పుడు సచ్చిపోయింది సత్తక్కా. గొంతు ఒక్కటే గాలిల తేలుతున్నది, మనిషికి కాళ్లే లేనట్టు! గందుకే రెండు స్టాండ్లూ బండ మీదనే నిలవెట్టిన."

మూసిన తలుపు లోపలి నుంచి కనకయ్య గొంతు. సత్తమ్మకు చిన్నాయన కొడుకు. జనగామలో మైకుసెట్లు కిరాయికిస్తాడు.

బయట అరుగు మీద హెడ్ కానిస్టేబుల్ వీరయ్య, కానిస్టేబుల్ కిషన్ కూర్చున్నారు. మధ్యాహ్నం వాళ్లు వచ్చేసరికే లోపల క్యాసెట్ రికార్డింగు నడుస్తోంది.

ఎనభై మూడు, ఎండాకాలం. ఆ సాయంత్రం మానుకోటలో, అదే మహబూబాబాద్ మార్కెట్‌లో, హమాలీల సభ. సమ్మె చేసీ చేసీ ఇండ్లలో బియ్యం అయిపోయాయి. సగం మంది పాత కూలికే బస్తా ఎత్తడానికి సిద్ధమయ్యారు. సత్తమ్మ వచ్చి పాడితే వాళ్లు ఆగుతారు. రాకపోతే తెల్లారి సమ్మె విరుగుతుంది. విరిగితే మొట్టమొదట మార్కెట్ నుంచి గెంటేది ఆమె మొగుడు ఎల్లస్వామిని.

ఇది సేట్లకు తెలుసు. సేట్లు చెప్పారు, పోలీసులు విన్నారు. ఇందులో దాచడానికేముంది! అరెస్టు చేస్తే గొడవ. అందుకని ఆర్డరు చిన్నదే వచ్చింది. తల్లిగారింట్లో ఉంది, గడప దాటనివ్వకండి.

"రెండు మైకులు ఎద్దుకొమ్ముల లెక్క ఎడంగ వెట్టిన" లోపల కనకయ్య అంటున్నాడు. "నువ్వు ఈ గోడ కాడికి వస్తే గొంతు ఇటు రావాలె. ఆ గోడకు వోతే అటు వోవాలె. ఊకె ఒక్క తాన నిలవడకు."

"గొంతు ఏడికన్న వోనీ తియ్. నా కాళ్లు గుంజుతున్నయిరా!"

కిషన్ నవ్వు ఆపుకోలేకపోయాడు. లేచి అటూ ఇటూ తిరిగాడు. బూట్లు టకటకలాడాయి.

తలుపు కొంచెం తెరుచుకుంది. సత్తమ్మ తల్లి పెంటమ్మ బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. పొద్దటి నుంచి ఆమె ఒక చోట నిలబడిందే లేదు. ఊడ్చిన వాకిలినే మళ్లీ ఊడుస్తోంది.

"ఏంది బిడ్డా గా టకటక? లోపలి బండలే అరుగు దాక పరిచినం. మీరు ఈడ అడుగేస్తే సప్పుడు మైకు కాలు వట్టుకోని ఎక్కుతది. బూట్లు ఇప్పుండ్రి."

"పోలీసోళ్లను బూట్లు ఇప్పమంటవా అవ్వా?"

"ఇప్పకు. సమ్మె పాటల నడుమ నీ బూట్లు మోగుతయి. క్యాసెట్ ఊరూరికి వోతది. గదేం సప్పుడంటే పోలీసు కిషన్‌ది అని చెప్త."

వీరయ్య గబగబా బూట్లు విప్పాడు. కిషన్‌వి కూడా విప్పించాడు. రికార్డింగు ఎంత సాగితే ఆయనకంత మంచిది. సత్తమ్మ తప్పించుకుంటే పోయేది ఆయన భుజం మీది పట్టీలే.

లోపల పాట మొదలైంది.

"బస్తా కింద భుజమేమన్నదిరో
సేటు ముందర నోరేమన్నదిరో..."

గజ్జెలు ఘల్లుమన్నాయి. గొంతు ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచింది. వీరయ్య దాని వెంటే వేలు తిప్పుతూ పోయాడు.

"ఇగో, ఇప్పుడు కిటికీ కాడ ఉన్నది. ఇగో, మల్లింది. పొయ్యి దిక్కు వోతున్నది."

"ఒక్కపారి లోపలికి తొంగి చూద్దామా సార్?"

"చెవులు లేవా నీకు? మనిషి యాడున్నదో అడుగు అడుగు వినవడ్తలేదా?"

కిషన్ ఏదో అనబోయాడు. గొంతులో దుమ్ము పడి ఖళ్లుఖళ్లుమని దగ్గాడు.

పెంటమ్మ చీపురు పారేసింది. "పాడు గాను! మంచిగ వస్తున్న పాట ఖరాబు చేస్తివి గద బిడ్డా! ఇగ మల్ల మొదటికెల్లి పాడాలె." విసురుగా లోపలికి పోయి తలుపేసుకుంది.

పాట ఆగిపోయింది. కాసేపు ఏ చప్పుడూ లేదు. వీరయ్య కిషన్ వంక కొరకొరా చూశాడు.

తర్వాత కనకయ్య గొంతు. "ఊకె ఒక్క తాన నిలవడకు."

"గొంతు ఏడికన్న వోనీ తియ్. నా కాళ్లు గుంజుతున్నయిరా!"

"పాపం, మల్ల గదే మొత్తుకుంటున్నది సార్" అన్నాడు కిషన్.

"గుంజనీ. గుంజిన కాళ్లు మానుకోట దాక యాడ నడుస్తయి?"

వీరయ్య తన జోకుకు తానే నవ్వుకున్నాడు. నోటికి తువ్వాల అడ్డం పెట్టుకొని మరీ నవ్వాడు, చప్పుడు కాకుండా.

పొద్దు గూకింది. లారీ పోతే పాట ఆగింది. మళ్లీ మొదలైంది. పక్కింటి బర్రె అరిస్తే ఆగింది. మళ్లీ మొదలైంది. పెంటమ్మ బయటికి వచ్చింది, నీళ్లిచ్చింది, లోపలికి పోయింది, వచ్చింది. కూర్చోమంటే కూర్చోదు. వీధి చివరకు చూస్తుంది, పైటకొంగు నలుపుతుంది.

"ఎందుకవ్వా గంత పరేషాన్? మేమేమన్న కొడుతున్నమా, తిడుతున్నమా? పాడుకోనీ."

"బిడ్డ గొంతు వోతదేమోనని నాయినా" అంది పెంటమ్మ.

వీధి దీపం వెలిగింది. వీరయ్య చేతి గడియారం చూసుకున్నాడు. ఒళ్లు విరుచుకున్నాడు.

"మానుకోటల సభ షురువై ఉంటది. ఇగ రెక్కలొచ్చినా అందదు. మన నౌకరి నిలిచింది కిషన్, బూట్లు తొడుక్కో."

లోపల గజ్జెలు ఆ గోడ నుంచి ఈ గోడకు వస్తున్నాయి. సత్తమ్మ పై చరణం ఎత్తుకుంది.

అప్పుడే కరెంటు పోయింది. వీధి దీపం ఆరగానే లోపల సత్తమ్మ గొంతు మగగొంతులా మొద్దుబారి, సాగి సాగి, గజ్జెలతో సహా మాట సగంలో ఆగిపోయింది.